పాదం కొలత

కోకో ముందుకాలు కదలకుండా పట్టుకోవడం దేదీప్య వంతు. దాని చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీయడం సుమతి వంతు. వంటింటి టైల్స్ మీద తెలుగు సంఘం వాళ్ల పాత సావనీర్ అట్ట చింపి పరిచారు. కోకోకి ఇదంతా ఆటలా ఉంది. లాబ్రడార్ కుక్క, బియ్యం బస్తా అంత బరువు. తోకతో డిష్‌వాషర్ తలుపు మీద దరువేస్తూ దేదీప్య చెవి నాకుతోంది.

"నిలబెట్టే పట్టుకోమ్మా. బరువు ఆనితే పాదం వెడల్పవుతుందట. కూర్చోబెట్టి కొలిస్తే చిన్న సైజు వస్తుంది, పాపం నొక్కుకుపోతుంది" అంది సుమతి, జారిపోతున్న చత్వారం కళ్లజోడుని మోచేత్తో పైకి తోసుకుంటూ.

నాలుగు కాళ్లకీ గీతలు గీయడం పూర్తయింది. వెనక పాదాలు ముందువాటికంటే సన్నమని ఆవిడే కనిపెట్టింది. "చూశావా, నాలుగూ ఒకే సైజువి తెస్తే వెనకవి ఊడిపోయేవి" అని తనను తానే మెచ్చుకుని, అట్టని మడిచి హ్యాండ్‌బ్యాగులో భద్రంగా పెట్టుకుంది.

కోకో సుమతి కూతురు దియ హైస్కూల్లో ఉండగా పట్టుబట్టి తెచ్చుకున్న కుక్క. దియ ఇప్పుడు ఇండియానాలో కాలేజీలో ఉంది. కుక్కని పొద్దునా సాయంత్రం బయట తిప్పేది బేస్‌మెంట్‌లో ఉండే దేదీప్య. కరీంనగర్ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన పిల్ల. అద్దె లేదు, తిండి పై అంతస్తులో వాళ్లతోనే, మే నెలలో చదువు పూర్తయ్యేదాకా ఉండొచ్చు. కుక్కని తిప్పడాన్ని అక్కడెవరూ పని అనరు. "మా ఇంట్లో పిల్లే" అంటారు. ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో చాలా పనులు జరిగిపోయేవి.

2014 జనవరి అది. టీవీ వాళ్లు ఆ గడ్డకట్టే చలికి పోలార్ వోర్టెక్స్ అని కొత్త పేరొకటి పట్టుకుని జనాన్ని హడలగొడుతున్నారు. చికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో బడులు మూసేశారు. సైడ్‌వాక్‌ల మీద మంచు కరగాలని చల్లిన ఉప్పుకి కోకో పాదాలు పగిలాయి. కుంటుతూ కంప్యూటర్ ముందుకొచ్చిన కుక్కని స్కైప్‌లో చూసి దియ ఏడ్చేసింది. "మామ్, షీ నీడ్స్ బూట్స్! పాపం దానికి హర్ట్ అవుతుంది!" అంది. ఈ కొలతలన్నీ అందుకే.

అదే వారంలో దేదీప్య రెండుసార్లు జారింది. మొదటిసారి ఎవరిదో మెయిల్‌బాక్స్ పట్టుకుని నిలదొక్కుకుంది. రెండోసారి మోకాలి మీద పడి జీన్స్ చినిగింది. ఆ సంగతి నోటితో చెప్పడానికి ఆమెకి చాలా ధైర్యం కావాల్సి వచ్చింది.

"ఆంటీ, బయట మస్తు జారుతుంది. నా షూస్‌కి అసలు గ్రిప్ లేదు."

"అవునా? షూకి తొడుక్కునేవేవో అమ్ముతున్నార్లే, మా ఆఫీస్‌లో అందరూ అవే వేసుకొస్తున్నారు. ఎలాగూ కోకోకి వెళ్తున్నాం కదా, చూద్దాం పద."

ఎలాగూ అన్న మాటకి దేదీప్య మనసు చివుక్కుమంది. అయినా సంతోషంగానే కోటు వేసుకుంది.

పెంపుడు జంతువుల సామాన్లూ మంచు సామాన్లూ ఒకచోటే దొరికే పెద్ద షాపు. సుమతి హ్యాండ్‌బ్యాగులోంచి అట్ట తీసి, కుక్క బూట్ల అడుగుల మీద ఆన్చి ఒక్కో జతా చూసింది. ముందుకాళ్లకి ఒక సైజు, వెనకకాళ్లకి ఇంకో సైజు ఏరింది. వెల్‌క్రో విప్పింది, వేసింది, మళ్లీ విప్పింది. కుట్ల దగ్గర గోరుతో గీకింది. చివరికి ఎర్రవి నచ్చాయి. "మంచులో దూరం నుంచి కనిపిస్తాయి" అంది.

షూకి తొడిగే గ్రిప్స్ బిల్లు కట్టే చోటికి దగ్గర్లో కొక్కేలకి వేలాడుతున్నాయి. దేదీప్య ఒక్కొక్కటే దించి చూసింది. కొన్ని నల్లటి రబ్బరు పట్టీలకి చిన్న ఇనుప మేకులు బిగించినవి. కొన్నిటికి అడుగున స్ప్రింగులాగా తీగ చుట్టి ఉంది. ఇంకో రకానికి సైకిల్ చెయిన్ లాంటి గొలుసులున్నాయి. మేకు మొన మీద వేలు నొక్కి చూసుకుంది. ఇవి ఉండుంటే మోకాలు పగిలేది కాదు అనుకుంది. ప్యాకెట్ వెనక ఏ సైజు ఏ షూకో రాసి ఉంది. ఆమెది ఆడవాళ్ల ఆరో సైజు. స్మాల్ పట్టుకుంది.

"ఆంటీ, ఇది నాకు కరెక్ట్‌గా సరిపోతది."

సుమతి దాన్ని అటూ ఇటూ తిప్పి మళ్లీ కొక్కేనికి తగిలించేసింది. "స్మాల్ అయితే నీ ఒక్కదానికే పనికొస్తుందమ్మా. లార్జ్ తీస్కో. అంకుల్ స్నో తీసేటప్పుడు వేసుకుంటారు, మెయిల్ తేవడానికి వెళ్తే నేనూ వేసుకుంటా. రబ్బరే కదా, ఎవరి కాలికైనా పట్టేస్తుంది."

"లూజ్ అయితదేమో ఆంటీ."

"రెండు జతల సాక్స్ వేస్కో. మా చిన్నప్పుడు స్కూల్ షూస్ రెండు సైజులు పెద్దవి కొని ముందు దూది కుక్కేవాళ్లు. మేం నడవలేదా?" అని నవ్వింది. మేకులవైతే గరాజ్ నేలంతా గీరేస్తాయని తీగ చుట్టిన రకం ఎంచింది. "ఆ ట్యాగ్ మాత్రం తెంపకు. చలి తగ్గాక రిటర్న్ ఇచ్చేద్దాం."

అందులో వింతేం లేదు. పార్టీకి ట్యాగ్ లోపలికి మడిచి కోటు వేసుకొచ్చి, సోమవారం షాపుకి తిరిగిచ్చేసే పెద్దమనుషులు ఆ చుట్టుపక్కల మనవాళ్లలో తక్కువేం కాదు.

దేదీప్య ఇంకోసారి అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఉండటానికి చోటిచ్చిన వాళ్లని ఎన్నిసార్లని అడుగుతారు? బరువు ఆనితే కుక్క పాదం ఎంత వెడల్పవుతుందో తెలిసిన మనిషి తన పాదం వైపు ఒక్కసారైనా చూడలేదే అని దుఃఖం వచ్చింది. కుక్క బూట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని కారు వెనక సీట్లో ఇంటిదాకా కూర్చుంది.

* * *

ఆ ఇంట్లో చెప్పులూ షూలూ గరాజ్‌లోనే విడవాలి. వీధిలో తిరిగినవి, అందులోనూ కుక్క వెంట తిరిగినవి, గడప దాటి వస్తే దేవుడి గదికి మైల అని సుమతి పట్టింపు. గరాజ్‌లో హీటర్ లేదు. తెల్లారేసరికి గ్రిప్స్ రబ్బరు ఎండిన తోలులా బిగుసుకుపోయి ఉండేది.

శనివారం పొద్దున దేదీప్య గరాజ్ మెట్టు మీద కూర్చుంది. ముందు కోకోకి వేయాలి. కాలు ఎత్తి, గోళ్లు మడతపడకుండా బూటులోకి దూర్చి, వెల్‌క్రో చుట్టి, లోపల వేలు పట్టేంత సందుందో లేదో చూడాలి. అంతా సుమతి దగ్గరుండి నేర్పింది. తర్వాత తన షూస్. బొటనవేలి వైపు నుంచి రబ్బరు తగిలించి మడమ మీదికి లాగాలి. ఆ లార్జ్ దాన్ని లాగే పనే లేదు, దానంతటదే వచ్చి వేలాడింది. మడమ దగ్గర పట్టీ జారిపోతోంది. అరికాలి కింద ఉండాల్సిన తీగ నాలుగడుగులకే పక్కకి తిరిగిపోతోంది. ఆగడం, వంగడం, సర్దడం, ఈలోపు కోకో లాగడం. వీధి మలుపులో ఎడమకాలిది పూర్తిగా ఊడి వెనక మంచులో ఉండిపోయింది. ఆమె చూసుకోలేదు. కోకో వెళ్లి నోట కరుచుకొచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. దేదీప్యకి నవ్వొచ్చింది. ఆ వారంలో ఆమె నవ్వింది అప్పుడే.

ఇంటికొచ్చాక ఉపాయం తట్టింది. ఇండియన్ గ్రోసరీ నుంచి వచ్చే ప్రతి కొత్తిమీర కట్టకీ ప్రతి గోంగూర కట్టకీ ఉన్న రబ్బరు బ్యాండ్లని సుమతి పారేయకుండా ఒక సొరుగులో దాస్తుంది. తీసుకోవచ్చా అని అడిగింది.

"అడగాలా అమ్మా! ఎన్ని కావాలంటే అన్ని తీస్కో" అంది సుమతి, ఎంతో ప్రేమగా.

ఆకుపచ్చవీ నీలం రంగువీ నాలుగైదు కలిపి గ్రిప్‌నీ షూనీ కలేసి చుట్టింది. ఆదివారం నిలిచాయి. సుమతి భర్త శ్యామ్‌సుందర్ గరాజ్‌లో అది చూసి, "ఇంజనీర్ అనిపించావ్!" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకి ఆమె నిజంగానే పొంగిపోయింది. ఆ మధ్యాహ్నం కాస్త ఎండ కాసి మంచు పైపైన కరిగింది. సాయంత్రానికి అంతా మళ్లీ గడ్డకట్టి అద్దంలా అయింది.

సోమవారం క్లాసుంది. శ్యామ్‌సుందర్ ఆఫీస్‌కి వెళ్తూ ఆమెని మెట్రా రైలు స్టేషన్‌లో దింపుతాడు, ఆలోపే కోకోని తిప్పి తీసుకురావాలి. గరాజ్‌లో షూలు తీస్తే, వాటికే ఉండిపోయిన రబ్బరు బ్యాండ్లు రాత్రి చలికి గట్టిపడి సన్నగా పగుళ్లిచ్చి ఉన్నాయి. దేదీప్య చూసింది. కొత్తవి తేవాలంటే షూ విప్పి లోపలికి వెళ్లాలి. కోకో తలుపు దగ్గర కుయ్యిమంటోంది. ఈ ఒక్కపూటకి పర్లేదులే అనుకుంది. గ్లవ్స్‌లోంచి కోకోని కట్టిన లీష్ తాడు జారిపోతోందని కుడి మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది.

గరాజ్ ముందు డ్రైవ్‌వే చివర, సైడ్‌వాక్ కలిసే చోట, మంచు ట్రక్కు తోసిపోయిన గుట్ట ఉంది. ఎదురింటి చెట్టు మీంచి ఉడుత దిగింది. కోకో ఒక్క ఉరుకు ఉరికింది. కాలి దగ్గర రబ్బరు టప్‌మని తెగింది. తీగ పక్కకి తిరిగి, అరికాలి కింద ఉత్త మంచు మిగిలింది. కిందపడే లోపే మణికట్టు దగ్గర లేత బెండకాయ విరిచినట్టు చప్పుడైంది. అది తన చేతిలోంచే వచ్చిందని ఆమెకి వెంటనే తెలియలేదు.

కోకో వెనక్కొచ్చి పక్కన కూర్చుని ఆమె ముఖం నాకింది. దాని నాలుగు ఎర్ర బూట్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఎడంచేత్తో ఫోన్ తీసి సుమతికి చేసింది.

"పడ్డావా? అయ్యో అయ్యో! కోకో ఎక్కడ? లీష్ వదిలేశావా?"

"లేదు ఆంటీ. నా దగ్గర్నే ఉంది."

"హమ్మయ్య!" అంది సుమతి.

దేదీప్యకి అప్పుడు ఏడుపొచ్చింది. అది నొప్పికి వచ్చిన ఏడుపు కాదు.

శ్యామ్‌సుందర్ పరిగెత్తుకొచ్చాడు. చెయ్యి చూసి ముఖం తిప్పుకున్నాడు. తర్వాత నేల చూశాడు. "ఎక్కడ పడ్డావ్? మన డ్రైవ్‌వేలోనా, సైడ్‌వాక్ మీదా?" అనడిగాడు. ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు. కాళ్లు ఇటూ తల అటూ ఉన్నాయి. "సైడ్‌వాకే, మన స్థలం కాదు" అని ఆయనే తేల్చేశాడు.

కారులో మెల్లగా మొదలుపెట్టాడు. "దేదీప్యా, ఎలా జరిగిందని అడుగుతారు. వాకింగ్ చేస్తూ స్లిప్ అయ్యానని చెప్పు చాలు. డాగ్ సంగతి, మా ఇంట్లో ఫ్రీగా ఉంటున్న సంగతి ఎత్తకు. నువ్వు ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద ఉన్నావ్. అది అన్‌ఆథరైజ్డ్ వర్క్ కింద కౌంట్ అవుతుంది. నీ స్టేటస్‌కే రిస్క్. నీ మంచికే చెప్తున్నా."

నిన్నటిదాకా అది పని కాదు, ఇంట్లో పిల్ల చేసే సాయం. ఆస్పత్రి గుమ్మం దగ్గరకి వచ్చేసరికి అది పని కింద లెక్కకొచ్చింది.

నర్సు అడిగింది. దేదీప్య శ్యామ్‌సుందర్ వైపు చూడకుండానే "వాకింగ్" అంది. ఎక్స్‌రే తీశారు. కట్టు కట్టేవాళ్ల కోసం ఎదురుచూస్తూ, ఎడమ బొటనవేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఉజ్వలకి మెసేజ్ పెట్టింది. ఉజ్వల నిరుడు అదే బేస్‌మెంట్‌లో ఉండి, ఉద్యోగం వచ్చి ప్లేనో అనే ఊరికి వెళ్లిన సీనియర్. ఈ గది సంగతి చెప్పి పంపింది ఆ అమ్మాయే. ఇల్లు బాగుంటుంది, ఆంటీ మంచిది, కళ్లు మూసుకుని వెళ్లిపో అంది.

"అక్కా, ఐస్ మీద పడ్డాను."

జవాబు ఆ క్షణంలోనే వచ్చింది. "చెయ్యా? నడుమా?"

దేదీప్య ఆ రెండు మాటలూ మళ్లీ మళ్లీ చదివింది. "చెయ్యి. నీకు?"

"నడుము. ఇప్పటికీ ఎక్కువసేపు కూర్చోలేను."

"మరి నాకు చెప్పలేదేంది?"

ఉజ్వల ఏదో టైప్ చేస్తున్నట్టు కనిపించింది, ఆగింది, మళ్లీ కనిపించింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

* * *

సుమతిని రాక్షసి అనుకుంటే అది అన్యాయమే. ఆఫీస్‌కి సెలవు పెట్టింది. మిరియాల చారు కాచి అన్నం కలిపి, చెంచాతో తినిపించింది. ఒంటిచేత్తో జడ వేసుకోలేవులే అని ముందు కూర్చోబెట్టుకుని చిక్కులు తీసింది. ఆ వేళ్లు తలలో తిరుగుతుంటే దేదీప్యకి ప్రాణం హాయిగా ఉండేది, ఎందుకో భయంగానూ ఉండేది.

శ్యామ్‌సుందర్ రెండు రోజులు కోకోని తిప్పాడు. ముక్కు కారుతూ లోపలికి వచ్చి గ్లవ్స్ బల్ల మీద విసిరికొట్టాడు. మూడో రోజు నడుం పట్టేసిందన్నాడు. కోకో గరాజ్ తలుపు దగ్గర పడుకుని, దేదీప్య మెట్లెక్కి వచ్చినప్పుడల్లా లేచి నిలబడేది. ఆమె చేతికట్టు వాసన చూసి మళ్లీ పడుకునేది.

దేదీప్య వంటింట్లోకి వచ్చేసరికి సుమతి ఫోన్ మాటలు ఆగిపోవడం మొదలైంది. ప్రాజెక్ట్ కోడ్ అంతా ఎడంచేత్తో కొట్టాలి. మే నెల ఇంకా ఎంతో దూరంలో ఉంది. స్నేహితులు చికాగోలో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. అక్కడ హాల్లో పరుపుల మధ్య కాలు పెట్టే సందు ఉండదు. ఈ గది పోతే ఎక్కడికి పోవాలి? రాత్రింబవళ్లు అదే ఆలోచన.

గురువారం మధ్యాహ్నం సుమతి కారు తాళాలు తీసుకుంది. "పద, ఆ గ్రిప్స్ రిటర్న్ ఇచ్చేసొద్దాం. నువ్వూ రా. నీ చెయ్యి చూస్తే వాళ్లింకేం అడగరు."

దేదీప్యకి అది నచ్చలేదు. కానీ వెళ్లింది. కట్టు మీద కోటు చెయ్యి ఎక్కక భుజాన వేలాడుతుంటే, సుమతే జిప్పు పైదాకా లాగింది.

కౌంటర్‌లో జుట్టు నెరిసిన మనిషి ఉన్నాడు. గ్రిప్స్ తిప్పి చూశాడు. ట్యాగ్ ఉంది. తీగలో ఇరుక్కుని ఆకుపచ్చ రబ్బరు ముక్క కూడా ఉంది. సుమతి ఇంగ్లీషులో గడగడా చెప్పింది: మా మేనకోడలు, మీ వస్తువు వేసుకునే పడింది, చూడండి చెయ్యి ఎలా అయిందో. ఆ మనిషి దేదీప్య కట్టు చూసి తల వంచుకుని సారీ చెప్పాడు. అవి తిరిగి తీసేసుకుని, ఇంకోటి కావాలా అనడిగాడు. కావాలంది సుమతి.

ఈసారి సుమతి కొక్కేల దగ్గర చాలాసేపు నిలబడింది. కళ్లజోడు పెట్టుకుని ప్యాకెట్ వెనక రాసింది మొత్తం చదివింది. మేకుల మొన మీద తనే వేలు నొక్కి చూసింది. "ఈ మేకులవే మంచివి. తీగవి ఉత్త దండగ" అంది. ఒక చేత్తో స్మాల్, ఇంకో చేత్తో మీడియం తీసింది.

దేదీప్య గుండె కరిగిపోయింది. ఎలాగైతేనేం, ఆంటీ తెలుసుకుంది. చెయ్యి ఇలా ఉన్నా కాళ్లున్నాయి కదా, స్టేషన్ దగ్గరైనా మంచులో నడవాలి కదా. నాది స్మాలే ఆంటీ అని చెప్పడానికి నోరు తెరిచింది.

"నా బ్యాగ్‌లోంచి ఫోన్ తియ్యమ్మా. జయంతి అని ఉంటుంది, కలిపి స్పీకర్ పెట్టు" అంది సుమతి.

దేదీప్య ఎడంచేత్తో బ్యాగు వెతికింది. కోకో పాదాల అట్ట మడత అలాగే ఉంది. దాని కింద ఫోన్. జయంతి ఎవరో తెలియకుండానే నంబర్ కలిపి సుమతి నోటి దగ్గర పట్టుకుంది.

"హలో ఆంటీ!" అటునుంచి లేతగొంతు.

"జయంతీ, నీ షూ సైజ్ ఎంతమ్మా?"

"ఆరు ఆంటీ. ఎందుకు?"

"ఏం లేదు, శనివారం వచ్చేస్తున్నావుగా. ఇక్కడ బయట జారుతుంటుంది. నీకు సరిగ్గా పట్టేది తీసుకుందామని."

"అయ్యో, మీకెందుకాంటీ శ్రమ! సొంత మనిషిలా చూస్తున్నారు. థాంక్యూ సో మచ్ ఆంటీ!"

శనివారం. బేస్‌మెంట్‌లో ఉన్నది ఒకటే మంచం.

సుమతి ఆమె ముఖం చూసి గొంతు తగ్గించింది. "నేనే చెప్దామనుకుంటున్నా. నీకా మెట్లు ఎక్కి దిగడం కష్టం కదా. ఫ్రెండ్స్ దగ్గరైతే చూసుకునే వాళ్లుంటారు. కోకోకి కూడా ఎవరో ఒకరు కావాలి కదమ్మా. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"హలో? ఆంటీ, ఉన్నారా?" అంటోంది ఫోన్.

నోరు మూసుకుంటే ఇంకో వారం ఉండనిస్తారేమో. సామాన్లు కారులో దింపుతారేమో. ఉజ్వల అలాగే మూసుకుంది. చెయ్యా, నడుమా అని అడగడం మాత్రం ఆమెకి వెంటనే వచ్చింది. దేదీప్యకి ఒళ్లంతా కోపం పాకింది. అందులో సగం తన మీదే. ఫోన్‌ని సుమతి నోటి దగ్గర్నుంచి తీసి తన నోటి దగ్గర పెట్టుకుంది.

"జయంతీ, నా పేరు దేదీప్య. నువ్వొచ్చే రూమ్‌ల ఇప్పుడు నేనే ఉంటున్న." ఇన్నాళ్లూ ఆ ఇంట్లో సగం అణచిపెట్టుకున్న కరీంనగర్ మాట అడక్కుండానే వచ్చేసింది. "రోజు పొద్దుగాల, సాయంత్రం కుక్కను తిప్పుడు నీ పనే. సోమవారం నేను మంచుల పడ్డ. కుడిచెయ్యి ఇరిగింది. నాకంటే ముందున్న అక్కకు నడుము పోయింది. నాకెవ్వరు చెప్పలే. అందుకే నీకు చెప్తున్న."

"ఫోన్ ఇటివ్వు" అంది సుమతి. రెండు చేతుల్లోనూ ప్యాకెట్లున్నాయి. మీడియం దాన్ని కొక్కేనికి తగిలించబోతే ప్యాకెట్ రంధ్రం పట్టలేదు. "దేదీప్యా! ఏం మాటలవి? ఇంట్లో పిల్లలా చూసుకుంటే..."

అటువైపు ఫోన్ పెట్టేసిందేమో అనుకుంది దేదీప్య.

"అక్కా," అంది ఆ లేతగొంతు, ఈసారి చాలా నెమ్మదిగా. "మీ నంబర్ చెప్తారా?"

దేదీప్య ఒక్కో అంకె విడివిడిగా చెప్పింది. సగంలో ఉండగా సుమతి చేతిలోంచి స్మాల్ ప్యాకెట్ జారి ఇద్దరి కాళ్ల మధ్యా పడింది. సుమతి అలవాటు కొద్దీ, తీసివ్వమన్నట్టు దేదీప్య వైపు చూసింది. దేదీప్యకి ఉన్న ఒక్క చెయ్యీ ఖాళీగా లేదు. మిగిలిన అంకెలు చెప్పడం మొదలుపెట్టింది.